హోటళ్లు, షాపుల చెత్త ఎత్తే కుర్రాళ్ల సేఫ్టీ: గ్లవ్స్ ఇస్తే సరిపోతుందా?

విభాగం: ఉద్యోగాలు, పని పరిస్థితులు

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (శుక్రవారం ఉదయం 5:40)

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌ని. మాది ఇళ్ల చెత్త కాదు. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, ఒక షాపింగ్ కాంప్లెక్స్, రెండు ఆఫీసు బిల్డింగులు. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి తెల్లారేలోగా ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో దించేయాలి. ఒక కంపాక్టర్ (చెత్తని నొక్కి నింపుకునే పెద్ద బండి), మూడు టిప్పర్ ఆటోలు ఉన్నాయి.

రాత్రి ఒంటిగంట దాటాక షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లో నల్ల కవర్ ఎత్తుతుంటే మా కుర్రాడికి అరచేతిలో ఇంజెక్షన్ సూది దిగింది. గ్లవ్స్ వేసుకునే ఉన్నాడు. రబ్బరు గ్లవ్స్‌లోంచి నేరుగా దిగిపోయింది. ఆ కాంప్లెక్స్‌లో ఒక డెంటల్ క్లినిక్, ఒక శాంపిల్ కలెక్షన్ సెంటర్ ఉన్నాయి. ఎవరి సూదో ఎలా తెలుస్తుంది?

ఓనర్‌కి ఫోన్ చేస్తే "గ్లవ్స్ ఇచ్చాం కదయ్యా, ఇంకేం చేయమంటావు" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాను, ఇంకేం చేయాలి? ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి. సోమవారం ఆయన ముందు కూర్చోవాలి.

గుంటూరు_గోంగూర (5:52)

ఆ అబ్బాయిని ఆస్పత్రికి తీసుకెళ్లారా లేదా? అది చెప్పకుండా మిగతావన్నీ రాశారు.

ఓరుగల్లు_డాక్టర్ (6:05)

ఇది చదవగానే అతన్ని తీసుకుని బయల్దేరండి. మిగతా చర్చ వచ్చాక చేద్దాం.

గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ నీళ్లు పోయకూడదు. తర్వాత గాంధీ గానీ ఉస్మానియా గానీ, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లి క్యాజువాల్టీలో "సూది గుచ్చుకుంది, పీఈపీ కావాలి" అని స్పష్టంగా చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవి. మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే అన్నిటికంటే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. 28 రోజులు మానకుండా వాడాలి. ఈ రోజే రక్త పరీక్ష చేస్తారు, మళ్లీ ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చేయించాలి.

మీ కుర్రాళ్లందరి భయం హెచ్‌ఐవీ మీదే ఉంటుంది. లెక్క చూస్తే హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తంతో తడిసిన సూది గుచ్చుకున్నా వెయ్యిలో ముగ్గురికి వస్తుంది. హెపటైటిస్ బి అలా కాదు. టీకా వేయించుకోని మనిషికి నూటికి ముప్పై దాకా రావచ్చు. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది, ఎప్పట్నుంచో ఉంది. మీ వాళ్లకి వేయించారా?

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (11:20)

ఇప్పుడే వచ్చాం. మందులు ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. టీటీ వేశారు. హెపటైటిస్ బి టీకా మొదటి డోసు కూడా వేశారు, ఇంకో ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబులిన్ అని అది కూడా ఇచ్చారు. డాక్టర్ గారూ, చాలా థాంక్స్ అండి.

మా వాళ్లలో ఒక్కరికి కూడా టీకా లేదు. కుర్రాడు బాగా టెన్షన్ పడుతున్నాడు. కొత్తగా పెళ్లైంది, ఇంట్లో చెప్పాలా వద్దా అని అడుగుతున్నాడు.

ఓరుగల్లు_డాక్టర్ (11:41)

భార్యకి చెప్పడమే మంచిది, ఎందుకంటే పరీక్షలు పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు. 1097కి ఫోన్ చేస్తే కౌన్సెలింగ్ ఇస్తారు, తెలుగులోనే మాట్లాడతారు. మీరు మాత్రం ఈ సంగతి మిగతా కుర్రాళ్ల దగ్గర చర్చకు పెట్టకండి.

మిగతావాళ్లందరికీ టీకా: ఈ రోజు ఒకటి, నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. మూడోది అయ్యాక నెలా రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయిస్తే టీకా పట్టిందో లేదో తెలుస్తుంది. ఎక్కువమంది మూడో డోసు మర్చిపోతారు. ఆరు నెలల తర్వాత కుర్రాడు మీ దగ్గరే ఉంటాడన్న గ్యారంటీ లేదు కాబట్టి కార్డు అతని చేతికే ఇవ్వండి.

మోడరేటర్ (12:10)

మొదటి పోస్టులో కాంప్లెక్స్ పేరు, ఏరియా వివరాలు తీసేశాను. చర్చకు పేర్లు అవసరం లేదు.

ఆటోనగర్_హైడ్రాలిక్స్ (మధ్యాహ్నం 1:30)

సూది సంగతి డాక్టర్ గారు చూసుకున్నారు. నాకు మీ పోస్టులో "ఒక కంపాక్టర్" అన్న మాట దగ్గర గుండె ఆగింది. నేను బెజవాడలో ఈ బళ్ల హైడ్రాలిక్ పని చేస్తాను. షెడ్డుకి వచ్చే బళ్లు ఎలా ఉంటాయో చెబుతాను, మీ బండి దగ్గరికెళ్లి ఒక్కొక్కటీ చూసుకోండి.

వెనక హోపర్ (చెత్త వేసే తొట్టి) పక్కన ఎర్ర బటన్లు ఉంటాయి, ఎమర్జెన్సీ స్టాప్. వానాకాలంలో నీళ్లు దిగి ఊరికే ట్రిప్ అవుతోందని వైర్ డైరెక్ట్ చేసేస్తారు. అప్పుడు బటన్ ఉంటుంది, నొక్కితే ఏమీ ఆగదు. రివర్స్ హారన్ వైరు పీకేస్తారు, రాత్రి పూట అపార్ట్‌మెంట్ వాళ్లు తిడుతున్నారని. వెనక డోర్ ఎత్తినప్పుడు పెట్టే సపోర్ట్ రాడ్డు ఉండదు, ఎక్కడో పడిపోయింది అంటారు.

హోపర్‌లో పైనుంచి ఒక బ్లేడు దిగి చెత్తని ఊడ్చుకుంటుంది, దాని వెనక ప్లేటు లోపలికి నొక్కేస్తుంది. బ్లేడు కింది అంచుకీ, హోపర్ గట్టుకీ మధ్య సందు మూసుకునే క్షణం ఉంటుంది చూశారా, వేళ్లు పోయేది అక్కడే. బయటికి వేలాడుతున్న కవర్ని చేత్తో లోపలికి తోయడం, అట్టపెట్టెని కాలితో తొక్కడం, పడిపోయిన చీపురు కోసం వంగడం, ఇవే. లివర్ వేశాక చెయ్యి గానీ కర్ర గానీ లోపలికి పోకూడదు. లివర్ వేసేవాడూ చెత్త వేసేవాడూ ఒకడే అయితే కొంత నయం. ఇద్దరు వేస్తూ మూడోవాడు లివర్ తిప్పుతున్నాడంటే ఆ బండి దగ్గర నేను నిలబడను.

అన్నిటికంటే ఘోరమైనది వెనక డోర్ కింద పడి నలగడం. రబ్బరు సీలు దగ్గర చెత్త ఇరుక్కుందని డోర్ పైకెత్తి కిందకి దూరతారు. ఆ డోరు టన్ను పైనే బరువు ఉంటుంది. హోస్ పైపు ఒక్కటి పగిలితే అరిచే టైమ్ కూడా ఉండదు. సపోర్ట్ రాడ్డు పెట్టాలి, ఇంజన్ ఆపాలి, తాళంచెవి లోపలికి దూరేవాడి జేబులో ఉండాలి. డ్రైవర్ జేబులో కాదు.

ఇంకొకటి. పైపుకి సన్న రంధ్రం పడి ఆయిల్ చిమ్ముతుంటే చేత్తో తడిమి వెతక్కండి. ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోంచి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపిస్తుంది, రెండో రోజుకి చెయ్యి తీసేసే పరిస్థితి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

టిప్పర్ ఆటోలకైతే పైన కరెంటు తీగలు. బాడీ లేపేముందు తల పైకెత్తి చూడమనండి.

నిజం_మాట్లాడదాం (2:15)

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. నేను ఫెసిలిటీ మేనేజ్‌మెంట్‌లో చాలా ఏళ్లు చేశాను. గ్లవ్స్ ఇస్తే తీసి జేబులో పెడతారు, షూ ఇస్తే ఊళ్లో అన్నకి పంపిస్తారు, జాకెట్ ఇస్తే చలికాలం దుప్పటి కింద కప్పుకుంటారు. ఎన్ని ట్రైనింగ్‌లు ఇచ్చినా అంతే. వేసుకోని రోజుకి వంద రూపాయలు ఫైన్ వేయండి, దారికొస్తారు.

సఫాయి_బిడ్డ (2:50)

@నిజం_మాట్లాడదాం అన్నా, మా అమ్మ ఇరవై ఏళ్లు ఈ పనే చేసింది, సికింద్రాబాద్‌లో షాపుల లైన్‌లో. ఆమె పాదం సైజు నాలుగు. ఇచ్చిన షూ ఎనిమిది. అది వేసుకుని తడి మెట్లు దిగమంటే నువ్వు దిగుతావా? గ్లవ్స్ మగవాళ్ల సైజువి, వేళ్ల చివర రెండంగుళాలు ఖాళీ. ముడి పట్టుకోవడానికి రాదు. ఎండాకాలం లోపల చెమట పట్టి చేతులు నానిపోయి తోలు ఊడేది. మూడు నెలలకి ఒక జత ఇచ్చేవాళ్లు, పది రోజులకి చిరిగేది. చిరిగిన గ్లవ్స్ ఫొటోలో బాగానే కనిపిస్తది.

ఫైన్ అంటున్నావు. మరి చేతులు కడుక్కోనీకి నీళ్లు ఎక్కడున్నాయో చెప్పు. షాపులన్నీ బంద్ అయినంక రాత్రి పని. సెల్లార్‌లో నల్లాకి తాళం. బాత్రూమ్‌కి తాళం. మా అమ్మ పనికి పోయే ముందు నీళ్లు తాగేది కాదు, మధ్యలో పోవాల్సి వస్తదని. కిడ్నీలో రాయి వచ్చింది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎన్నిసార్లు వచ్చిందో. దీన్ని ఏ యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాస్తారు?

నిజం_మాట్లాడదాం (3:05)

సైజుల మాట ఒప్పుకుంటాను. మేం కూడా ఒకటే సైజు కొనేవాళ్లం, లాట్‌లో చవకగా వస్తాయని. కానీ అమ్ముకునేవాళ్లు లేరని మాత్రం అనకండి.

ఓరుగల్లు_డాక్టర్ (3:40)

ఆ రబ్బరు గ్లవ్స్ సైజు సరిగ్గా ఉన్నా సూదిని ఆపవు. కోతకి తట్టుకునేవి కూడా ఆపవు. ఈఎన్ 388 అని యూరప్ స్టాండర్డ్ ముద్ర ఉన్న గ్లవ్స్‌ మీద గుచ్చి చూసే పరీక్ష లావు మేకు లాంటి దానితో చేస్తారు. ఇంజెక్షన్ సూదికి వేరే పరీక్ష ఉంది, ఏఎస్‌టీఎం ఎఫ్2878 అని. అలాంటివి ఖరీదు, అవి కూడా సూది దిగకుండా పూర్తిగా కాపాడవు. గాజుకీ రేకుకీ ఈఎన్ 388 మంచిదే, కొనండి. సూది మాత్రం కవర్‌లోకి రాకుండా చూసుకోవాల్సిందే.

విజయవాడ_కిచెన్ (4:30)

నేను హోటల్ వైపు మనిషిని, అటునుంచి కూడా వినండి. సూది అనగానే అందరూ క్లినిక్ మీద పడతారు. మా లాడ్జింగ్ రూముల్లో షుగర్ ఉన్న గెస్టులు ఇన్సులిన్ పెన్ సూదులు బాత్రూమ్ డస్ట్‌బిన్‌లో వేసి పోతారు. హౌస్‌కీపింగ్ అమ్మాయి కవర్ ముడేసి పెడుతుంది. గుచ్చుకునేది మొదట ఆమెకే, తర్వాత మీ కుర్రాడికి. మేం రూమ్ బాయ్స్‌కి చెప్పి ఫ్లోర్‌కొకటి మందపాటి ప్లాస్టిక్ డబ్బా పెట్టించాం, మూతకి చిన్న చిల్లు. ఫినాయిల్ డబ్బాయే, కొత్తదేం కాదు.

కిచెన్‌లో సూది కంటే ప్రమాదమైనవి నాలుగున్నాయి. గాజు: బార్ ఉన్న చోట రోజూ పగులుతుంది. దాన్ని కవర్‌లో వేయకూడదు, 15 లీటర్ల నూనె డబ్బా పైభాగం కోసి అంచులు మడిచి అందులోనే వేయాలి. కబాబ్ సీకులు: వంకరపోయినవి చెత్తలో పడేస్తారు. ఫ్రయర్ నూనె: రాత్రి మూసేటప్పుడు వేడి నూనెలో పిండి చల్లి కవర్‌లో పోసే మహానుభావులు ఉన్నారు, కరిగి కాళ్ల మీద పడుతుంది. నాలుగోది తందూరి బొగ్గు. పైకి బూడిదలా ఉంటుంది, లోపల నిప్పు. మా పక్క హోటల్ బిన్ రాత్రి రెండింటికి అంటుకుంది దీనివల్లే. బొగ్గు ఇనప బకెట్‌లో నీళ్లు పోసి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచాలి.

ఇక మీవైపు లోపం కూడా చెప్పనివ్వండి. మీరు రాత్రి రెండింటికి వస్తారు, మా దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. కవర్‌లో ఏముందో అడగడానికి ఎవరూ లేరు, చెప్పడానికీ లేరు. పొద్దున కంప్లైంట్ వాట్సాప్‌లో వస్తే మా షెఫ్ "మాది కాదు" అంటాడు. మీ బండి టైము ఒక్క గంట ముందుకి జరిపితే కిచెన్ వాళ్లు ఇంకా ఉంటారు.

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (5:10)

టైము నా చేతిలో లేదండీ. సిటీలో పెద్ద బండికి పగలు ఎంట్రీ లేదు. పైగా మా ఓనర్ ట్రిప్పు లెక్కన డబ్బులిస్తాడు. రెండో ట్రిప్పు తెల్లారేలోగా పడాలి, లేకపోతే డ్రైవర్ బేటా కట్. మీరందరూ చెప్పేది చదువుతుంటే నాకు ఒకటి అర్థమవుతోంది. చెయ్యి లోపల పెట్టి తోయడం, వెనక మెట్టు మీద నిలబడి వెళ్లడం, కవర్లు రెండేసి ఒక్కసారే ఎత్తడం, ఇవన్నీ రెండో ట్రిప్పులోనే జరుగుతాయి. మొదటి ట్రిప్పులో అందరూ బుద్ధిమంతులే.

బర్మింగ్‌హామ్_బుల్లోడు (సాయంత్రం 6:20)

వెనక మెట్టు మాట వచ్చింది కాబట్టి. నేను యూకేలో ఒక వేస్ట్ కంపెనీ డిపోలో చేస్తాను, మాదీ కమర్షియల్ రౌండే. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 1501 ప్రకారం ఆ మెట్టు మీద మనిషి ఉన్నాడని సెన్సర్‌కి తెలిస్తే బండి గంటకి 30 కిలోమీటర్లు దాటదు, రివర్స్ గేర్ అసలు పడదు. అయినా మా దగ్గర మెట్టు వాడకమే లేదు, అందరూ క్యాబిన్‌లోనే.

రివర్స్‌కి ఒకే మనిషి సైగ చేయాలి. అతను డ్రైవర్‌కి అద్దంలో కనిపించకపోతే ఆ క్షణమే బ్రేక్. ఇద్దరు సైగలు చేస్తే ఎవరిది చూడాలో డ్రైవర్‌కి తెలియదు. మీ సెల్లార్ ర్యాంప్ దగ్గర ఇది చాలా ముఖ్యం. వీలైతే బండి సెల్లార్‌లోకి దించకండి, చక్రాల బిన్‌ని పైకి తోసుకురండి.

ఇక్కడి కమర్షియల్ రౌండ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. చలికి తట్టుకోలేక ఇల్లు లేనివాళ్లు అట్టపెట్టెల బిన్‌లో పడుకుంటారు. చూడకుండా బండిలో దొర్లించి మనుషులు చనిపోయిన కేసులున్నాయి. అందుకే మూత తీసి లోపల చూసి, బిన్‌ని గట్టిగా తట్టి, అప్పుడు ఎత్తుతాం. మన దగ్గర చలి తక్కువ గానీ కాయితాలు ఏరుకునే పిల్లలు పెద్ద బిన్‌లోకి దిగడం మీరూ చూసే ఉంటారు.

డాలస్_దోసె (6:45)

అమెరికా లెక్క ఒకటి: ఇక్కడి లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో ప్రకారం 2023లో చెత్త సేకరించేవాళ్లలో లక్ష మందికి 41.4 మంది పని మీదే చనిపోయారు. అన్ని ఉద్యోగాలూ కలిపితే సగటు 3.5. చెట్లు కొట్టేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఇంటి కప్పులు వేసేవాళ్ల తర్వాత నాలుగో స్థానం వీళ్లదే. పోలీసుల ఉద్యోగం కంటే ఇదే ప్రమాదం.

జగిత్యాల_గల్ఫ్‌రిటర్న్ (రాత్రి 8:15)

నేను దుబాయ్‌లో బల్దియా కాంట్రాక్ట్‌లో చెత్త బండి మీద చేసిన. ఎండ సంగతి ఎవరూ రాయలేదు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని బంద్. ఖతార్‌లో ఇంకా ఎక్కువ, పొద్దున పది నుంచి మూడున్నర దాకా. అందరూ పాటిస్తరని చెప్పను, కానీ చెక్ చేసేటోడు వస్తడన్న భయం ఉంటది.

మన దగ్గర మే నెలలో టిప్పర్ ఆటోలు పగలు తిరుగుతయి. సెల్లార్‌లో గాలి ఆడదు, పైన 44 డిగ్రీలు. తలనొప్పి, కాళ్ల పిక్కలు పట్టేసుడు మొదలైతే అప్పుడే ఆపాలె. మాట తడబడుతుంటే, చెమట ఆగిపోతే వడదెబ్బ కింద లెక్క, నీడకి తీసుకపోయి ఒళ్లంతా తడిపి 108కి ఫోన్ చేయాలె. బండిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మంచినీళ్ల క్యాన్ ఉంచుడు పెద్ద ఖర్చేం కాదు.

ఓరుగల్లు_డాక్టర్ (8:50)

దానికి తోడు కుక్కలు, ఎలుకలు. హోటల్ వెనక బిన్ల దగ్గర రెండూ ఉంటాయి. కుక్క గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు రేబీస్ టీకా. వానాకాలంలో కాళ్ల మీద పుండ్లతో చెత్తనీళ్లలో నిలబడితే ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం. డాక్టర్‌కి "నేను చెత్త పని చేస్తాను" అని చెప్పమనండి. అది చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అని పారాసెటమాల్ రాసి పంపేస్తారు.

లేబర్‌కోర్టు_గుమాస్తా (శనివారం ఉదయం 9:30)

ఓనర్ ముందు కూర్చునేటప్పుడు డబ్బు లెక్కలు ఉంటే పని త్వరగా అవుతుంది. అందుకే ఇది.

మొదట: మీ కుర్రాళ్లకి ఈఎస్‌ఐ ఉందా? పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థకి, నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి తప్పనిసరి. ఓనర్ 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం. పనిలో దెబ్బ తగిలితే ఎన్ని నెలలు కట్టారని చూడరు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పనికి రాలేని రోజులకి జీతంలో 90 శాతం వస్తుంది. సూది గుచ్చుకున్నది కూడా యాక్సిడెంట్ రిపోర్ట్‌గా పంపించండి. ఆరు నెలల తర్వాత ఏమైనా బయటపడితే ఆ కాగితమే ఆధారం.

ఈఎస్‌ఐ లేకపోతే పరిహారం ఓనర్ జేబులోంచి. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో ఉన్న లెక్కే ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోనూ ఉంది. ఉదాహరణకి 15,000 జీతం, 30 ఏళ్ల మనిషి, హైడ్రాలిక్స్ గారు చెప్పిన ఆ సందులో చూపుడు వేలు మొత్తం పోయిందనుకోండి. జీతంలో 60 శాతం అంటే 9,000. దాన్ని వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి, ముప్పై ఏళ్లకి అది 207.98. వేలికి 14 శాతం. సుమారు 2 లక్షల 62 వేలు. అదే 35 ఏళ్ల మనిషి చనిపోతే జీతంలో సగం, 7,500 ఇంటూ 197.06, అంటే దాదాపు 14 లక్షల 78 వేలు. నెల దాటించి లేటు చేస్తే 12 శాతం వడ్డీ, పైన సగం దాకా పెనాల్టీ. సపోర్ట్ రాడ్డు ఖరీదు ఎంతో ఆటోనగర్ ఆయన్ని అడగండి.

కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని దగ్గర కూడా అడగవచ్చు. షాపింగ్ కాంప్లెక్స్ వాళ్లకి ఈ ముక్క చెప్పి చూడండి, చెవులు నిక్కబొడుచుకుంటాయి.

సామాన్ల సంగతికొస్తే 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లవ్స్, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు ఇవ్వాలనీ, వాడేలా చూడాలనీ రాశారు. "తగిన" అన్నారు కాబట్టి సైజు నాలుగు కాలికి ఎనిమిది బూటు ఇస్తే ఇచ్చినట్టు కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో చెత్తని నాలుగు రకాలుగా వేరు చేయాలి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి.

క్లినిక్ సూది అయితే అసలు మీ బండిలోకే రాకూడదు. అది బయోమెడికల్ వ్యర్థం, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో పెట్టి కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ వాళ్లకే ఇవ్వాలి. ఫొటో తీశారా?

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (10:05)

తీశాను. కవర్‌లో దూది, గాజు స్లైడ్ ముక్కలు కూడా ఉన్నాయి. ఇన్సులిన్ సూది కాదు.

లేబర్‌కోర్టు_గుమాస్తా (10:20)

అయితే కాంప్లెక్స్ అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, తేదీ, టైము, ఫొటోతో. మళ్లీ దొరికితే పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి పోతుందని రాయండి. తిట్టకుండా రాయండి, చాలు.

ఇంకొకటి. 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఆస్పత్రులకే కాదు, రక్తం, సూదులతో ప్రమాదం ఎక్కువున్న ఏ సంస్థకైనా శిక్షణ, జాగ్రత్త సామగ్రి, పీఈపీ మందు ఏర్పాటు చేసే బాధ్యత పెట్టారు. ఓనర్ "మాది ఆస్పత్రా" అంటే ఇది చూపించండి.

అబిడ్స్_మొబైల్‌రిపేర్ (11:40)

మా లైన్ గురించి ఒక ముక్క. ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీలు, పాత పవర్ బ్యాంకులు మామూలు చెత్తలో పడేసేవాళ్లు మాలోనే చాలామంది. కంపాక్టర్‌లో నలిగితే లిథియం అంటుకుంటుంది, చుట్టూ అట్టపెట్టెలు. బండిలోంచి పొగ వస్తే ఏం చేయాలో మీ డ్రైవర్‌కి ముందే చెప్పి ఉంచండి.

బర్మింగ్‌హామ్_బుల్లోడు (మధ్యాహ్నం 1:10)

మా డిపోలో ఎక్కువగా మండేది వేప్‌ల (ఎలక్ట్రానిక్ సిగరెట్ల) వల్ల. పొగ కనిపిస్తే ప్రెస్ చేయడం ఆపేసి, మనుషులూ తీగలూ లేని ఖాళీ స్థలానికి బండి తీసుకెళ్లి, ఫైర్ సర్వీస్‌కి ఫోన్. అక్కడ 101 కదా. చెత్త కింద దించాలా వద్దా అనేది వాళ్లని అడిగాకే. హోపర్‌లో తల పెట్టి చూడొద్దు, ఆ పొగ విషం.

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (మంగళవారం రాత్రి 9:15)

సోమవారం కూర్చున్నాను. గుమాస్తా గారి లెక్కలు కాగితం మీద రాసి ముందు పెట్టాను. పద్నాలుగు లక్షల అంకె దగ్గర ఓనర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఒప్పుకున్నవి: అందరికీ హెపటైటిస్ టీకా. సగం మందికే ఉన్న ఈఎస్‌ఐ ఈ నెల నుంచి మిగతావాళ్లకీ. కంపాక్టర్ శుక్రవారం షెడ్డుకి పోతోంది. మా ఎడమ పక్క ఎర్ర బటన్ నిజంగానే పనిచేయడం లేదు, నొక్కి చూశాను. రాడ్డు కూడా లేదు. గ్లవ్స్, షూ సైజులు రాసి ఇమ్మన్నాడు, రాసిచ్చాను. వెనక మెట్టు విప్పించేయమన్నాను, "చూద్దాం" అన్నాడు.

ఒప్పుకోనిది: రెండో ట్రిప్పు. "ట్రిప్పు తగ్గితే హోటళ్లు వేరేవాడికి పోతాయి" అంటాడు. నెల జీతం పద్ధతికి మార్చమంటే "ఇంకోసారి మాట్లాడదాం" అన్నాడు.

ఆటోనగర్_హైడ్రాలిక్స్ (9:40)

షెడ్డువాడు "బాగుంది, పో" అన్నా నమ్మకండి. బండి తిరిగొచ్చాక ఖాళీ హోపర్‌తో బ్లేడు సగం దిగినప్పుడు రెండు పక్కల బటన్లూ ఒక్కోసారి నొక్కి చూడండి. బ్లేడు ఆగాలి. ఆ పరీక్ష రోజూ బండి తీసేముందు చేయాలి, నిమిషం పట్టదు.

విజయవాడ_కిచెన్ (9:55)

రెండో ట్రిప్పు సంగతి మా హోటళ్ల వైపునుంచి కూడా తేలాలి. తక్కువ రేటు కోట్ చేసినవాడికి కాంట్రాక్ట్ ఇచ్చేది మేమే. మా ఓనర్ల అసోసియేషన్ మీటింగ్‌లో ఎత్తుతాను, ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను.

ఈలోగా కిచెన్ గోడకి అంటించడానికి నేను వాడే నోటీసు ఇస్తున్నాను, వాడుకోండి:

"గాజు, సీకులు, బ్లేడ్లు నూనె డబ్బాలోనే. కవర్‌లో వద్దు. బొగ్గు నీళ్లు పోసి రేపటికి. నూనె చల్లారాక క్యాన్‌లో. కవర్ మూడొంతులే నింపి ముడి వేయాలి. ఒక్క చేత్తో ఎత్తలేకపోతే అది రెండు కవర్లు కావాలి."

మియాపూర్_నైట్‌షిఫ్ట్ (10:10)

తెలుగు, హిందీలో రేపే ప్రింట్ చేయిస్తాను. మా హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు సగం మంది ఒడిశా, బెంగాల్ వాళ్లు. ఒడియా, బెంగాలీ రాయగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సఫాయి_బిడ్డ (10:22)

మా హాస్టల్‌లో బరంపురం అమ్మాయి ఉంది, ఒడియా ఆమెతో రాయించి రేపు పెడతాను. ఇంకో లైన్ కూడా కలపండి: "రాత్రి చెత్త బండి వచ్చేదాకా సెల్లార్ నల్లాకి, బాత్రూమ్‌కి తాళం వేయవద్దు."

విజయవాడ_కిచెన్ (10:30)

వాచ్‌మన్‌కి చెప్పాల్సింది అది, అతని రూమ్ బయట వేరేగా అంటించండి. మా దగ్గర కూడా రేపు పెట్టిస్తాను. బెంగాలీ మా దోసె మాస్టర్ చూసుకుంటాడు.